నీళ్ల నడుమ గ్రీన్ కష్టమా, రోడ్డు పక్క గ్రీన్ కష్టమా?

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి గుణుపురంలో ఉంటున్నాను. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా మనవడికి గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. అమెరికాలోని సాగ్రాస్ మైదానంలో, చుట్టూ నీళ్లున్న 17వ హోల్‌ను (మొదటి దెబ్బ కొట్టే చోటి నుంచి బంతిని గుంటలో వేసే దాకా ఉండే ఆట భాగం) మించినది లేదని అతని వాదన. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ 17వ హోల్ ఇంకా కఠినమని నేను చదివాను. ఎవరి మాట నిజం? బంతి గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) మీదికి చేరాక కూడా అంత కష్టం ఉంటుందా?
- ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: భయపెట్టడంలో మీ మనవడు చెప్పిన హోల్‌దే పైచేయి. స్కోరు చెడగొట్టడంలో మాత్రం నా ఓటు సెయింట్ ఆండ్రూస్‌కే.

పీట్ డై రూపొందించిన సాగ్రాస్ హోల్ పొడవు 137 గజాలే. మీ ఊరి వంశధారలో వేసవికి తేలే ఇసుక తిన్నె మీద, ఒడ్డున నిలబడి రాయి విసిరి నిలపాలంటే ఎలా ఉంటుందో, అది అలాంటిది. కాలం కలిసిరాకపోతే 2005లో బాబ్ ట్వే అనే ఆటగాడికి అయినట్టు ఆ ఒక్క హోల్‌కే 12 దెబ్బలు పడతాయి. అయినా, బంతి ఒకసారి గడ్డి మీద నిలిచిందంటే గండం చాలావరకు గడిచినట్టే.

సెయింట్ ఆండ్రూస్‌లో అలా కాదు. 495 గజాల ఆ హోల్‌ను నాలుగు దెబ్బల్లో ముగించాలి. మొదటి దెబ్బే హోటల్ ఆవరణ మూల మీదుగా కొట్టాలి. గ్రీన్ సన్నగా, వచ్చే దారికి ఐమూలగా ఉంటుంది; ముందు ఎడమవైపు లోతైన ఇసుక గుంట, వెనుక రోడ్డు, దాని అవతల రాతి గోడ. 1978 బ్రిటిష్ ఓపెన్ పోటీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాడు. అక్కడి నుంచి మెల్లగా దొర్లించిన బంతి వాలు పట్టుకుని ఆ గుంటలోకి జారింది. దానిని బయటికి తీయడానికే నాలుగు దెబ్బలు పట్టగా, మొత్తం 9 అయ్యాయి. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా జవాబేముంటుంది!

గ్రీన్ మీది కష్టానికి వాలుతోపాటు, బంతి దొర్లే వేగమూ కారణమే. ఆ వేగాన్ని కొలవడానికి స్టింప్‌మీటర్ అనే 36 అంగుళాల గాడి పట్టీ ఉంది. దాని ఒక కొసను ఎత్తుతూ పోతే సుమారు 20 డిగ్రీల వద్ద బంతి జారి, గ్రీన్ మీద ఎన్ని అడుగులు దొర్లితే వేగం అంత అని లెక్క. అయితే కొలత సమతలంగా ఉన్న చోట తీస్తారు కాబట్టి, అమెరికాలోని పైన్‌హర్స్ట్ రెండో నంబరు గోల్ఫ్ మైదానంలో బోర్లించిన మూకుళ్ల వంటి గ్రీన్‌లు బంతిని అంచుల నుంచి కిందికి తోసే తీరు ఆ అంకెలో కనిపించదు.

మనవడు ఈసారి వచ్చినప్పుడు, ఒకే వాలు ఉన్న రెండు చోట్ల, అలికిన మట్టి వాకిట్లోను నున్నటి గచ్చు మీదను, ఒకే దూరానికి గోలీ దొర్లించి చూడమనండి. గచ్చు మీద మెల్లగా తోయవలసి వస్తుంది, మెల్లగా పోయే గోలీని వాలు మరింత పక్కకు లాగుతుంది. వేగమైన గ్రీన్ మీద బంతి సంగతీ అంతే.