ఇష్టమైనదే ఒంటికి పడకపోతే

మన దేశం నుంచి విదేశానికి కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు, బ్యాంకు అకౌంటు, డ్రైవింగ్ లైసెన్సు గురించి అడిగాక, కాస్త చనువు పెరిగాక, మొహమాటపడుతూ అడిగే సందేహం ఒకటుంది: "చిన్నప్పటి నుంచీ తింటున్నవే, ఇప్పుడెందుకు పడడం లేదు?" కాఫీ తాగితే కడుపు ఉబ్బరం, పప్పు తింటే రాత్రంతా గ్యాస్. నీళ్లు మారాయనో, ఇక్కడి పాలు మంచివి కావనో అనుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది, ఎంత తాగుతున్నారు, ఎంత తింటున్నారు అన్నది.

పాల సంగతే తీసుకోండి. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగాలంటే చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. ప్రపంచంలో దాదాపు మూడింట రెండొంతుల మందికి చిన్నతనం దాటాక అది తగ్గిపోతుంది. కాబట్టి మీకేదో జబ్బు వచ్చిందని కంగారు పడకండి. ఇంట్లో చిన్న గ్లాసుడు కాఫీతో సరిపెట్టుకున్న మనిషి ఇక్కడ పెద్ద కప్పు నిండా లాటే తాగుతాడు, పొద్దున సీరియల్‌లో పాలు, రాత్రికి పిజ్జా మీద చీజ్. 250 మి.లీ. పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. లాక్టోజ్ సరిగా అరగనివాళ్లలో కూడా చాలామంది ఒక పూటకు ఆ మాత్రం, అదీ భోజనంతో పాటు అయితే, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. అంతకు మించితేనే కడుపు గోల పెడుతుంది.

అందుకే పాలు పడలేదని పెరుగు, నెయ్యి కూడా మానేసి కూర్చోవాల్సిన పని లేదు. పెరుగులోని బాక్టీరియా లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తుంది. నెయ్యిలో అది దాదాపు ఉండదు. బాగా మాగిన గట్టి చీజ్‌లోనూ చాలా తక్కువే. లాక్టోజ్ లేని పాలు కొంటే కాస్త తియ్యగా అనిపిస్తాయి, కానీ అందులో చక్కెరేమీ కలపరు. లాక్టేజ్ కలిపి లాక్టోజ్‌ను ముందే విడగొడతారు, ఆ తీపి దానిదే. బయట తినేటప్పుడు లాక్టేజ్ టాబ్లెట్ జేబులో వేసుకోండి. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, ఇంటికొచ్చాక వేసుకుంటే దండగ.

ఇదంతా పడకపోవడం గురించే, అలర్జీ గురించి కాదు. పాల అలర్జీ ఉన్నవాళ్లకు లాక్టోజ్ లేని పాలు కూడా ప్రమాదమే, ఎందుకంటే వాళ్లకు తేడా చేసేది పాలలోని ప్రొటీన్. ఏం తిన్నా సరే పెదవులు, గొంతు వాస్తున్నా, ఊపిరి ఆడకపోయినా చిట్కాలు వెతుక్కోకుండా వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

గోధుమ విషయంలో మనవాళ్లు తొందరపడతారు. ఎవరో చెప్పారని గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) మానేస్తారు, నెల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తారు. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే సరైన ఫలితం ఇస్తుంది. ముందు పరీక్ష, తర్వాతే మానడం. ఒకవేళ సీలియాక్ అని తేలితే మాత్రం "ఒక్క ముక్కే కదా" అన్నది చెల్లదు. ఇంగువ డబ్బా కూడా తిప్పి చూడాల్సిందే, చాలా రకాల్లో గోధుమపిండి కలుపుతారు.

నాకు అన్నిటికంటే జాలి వేసేది ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్లను చూస్తే. కూరకు ప్రాణమే అవి. వాటిలో ఇబ్బంది పెట్టేది ఫ్రక్టాన్లనే పిండిపదార్థం. అది నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలను దంచకుండా నూనెలో సన్నని సెగ మీద వేయించి, రంగు తిరగగానే ఏరి తీసేసి, ఆ నూనెతోనే తాలింపు వేయండి. వాసన మిగులుతుంది, బాధ మిగలదు. అదే రెబ్బను పులుసులో వేసి ఉడికించి తర్వాత తీసేస్తే లాభం లేదు, ఫ్రక్టాన్లు అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటాయి. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం చాలామందికి పడుతుంది. శనగలు, రాజ్మా లాంటివి రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే కొంత నయం.

ఏది పడడం లేదో అంతు పట్టకపోతే మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీవాళ్లు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఉంది. లాక్టోజ్, ఫ్రక్టాన్ల లాంటి, పేగులో సరిగా అరగక గ్యాస్ చేసే పిండిపదార్థాలను కలిపి ఫాడ్‌మ్యాప్ అంటారు. అనుమానం ఉన్నవన్నీ 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా తెచ్చి చూస్తారు. డైటీషియన్‌ను పెట్టుకుని చేస్తే మేలు. మనవాళ్లు మొదటి సగం శ్రద్ధగా చేసి, కడుపు తేలికపడేసరికి అక్కడే ఆగిపోతారు. ఏళ్ల తరబడి అలా నోరు కట్టుకుంటే ఒంట్లో బలం ఉండదు. తిరిగి తినడమే ఆ పద్ధతిలో అసలు పని. ఇంటికి కిట్ పంపి, రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీ చూసి వంద పదార్థాల జాబితా ఇచ్చే టెస్టులకు డబ్బు తగలేయకండి. ఆ ఐజీజీ మీరు అది తిన్నారని చెబుతుందే కానీ పడదని చెప్పదు, అలర్జీ నిపుణుల సంఘాలు కూడా వాటిని వద్దంటాయి. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం కనబడినా, కడుపు నొప్పి నిద్రలోంచి లేపుతున్నా డైట్ మార్చుకుంటూ కాలం గడపకుండా డాక్టర్‌ను కలవండి.

ఇక పిలుపులు. వడ్డించే టైముకు "నాకు పడదండీ" అంటే పిలిచినవాళ్ల ముఖం చిన్నబోతుంది. రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పండి. "డెయిరీ పడదు" అంటే వాళ్లు పెరుగు, నెయ్యి కూడా పక్కన పెట్టి తల పట్టుకుంటారు. "పాలతో చేసిన స్వీటు నాకు కొంచెమే వేయండి అక్కా, మిగతావన్నీ తింటాను" అనండి, ఆవిడకూ టెన్షన్ ఉండదు. వీడియో కాల్‌లో అమ్మతో మాత్రం వాదన పెట్టుకోకండి. "మన వంశంలో ఎవరికీ లేదే" అంటుంది. కాస్త కదిపి చూడండి, పాలు తాగితే కడుపులో గడబిడ అనే మేనమామ ఒకాయన బయటపడతాడు.