ఉదయగిరి ఎక్కినోళ్ళకి ఆ కొండలో లెక్కా?

సంక్రాంతికి ఉదయగిరి వెళ్ళినప్పుడు వింజమూరు కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. వచ్చే నెల స్విట్జర్లాండ్‌లో, బాసెల్‌లో ఉద్యోగంలో చేరుతున్నాడు. "అన్నా, అక్కడ కొండలెక్కాలంటే బూట్లు కొనాలంటున్నారు. మన కోట చెప్పుల్తోనే ఎక్కేశాం కదా?" అన్నాడు.

వెళ్ళిన కొత్తల్లో నేనూ ఇదే మాట అన్నాను అబ్బయా. జూన్‌లో మామూలు బూట్లేసుకుని బయల్దేరాం. పసుపు పలక మీద రెండున్నర గంటలని రాసుంది. ఆ లెక్క, చదును నేల మీద గంటకి 4.2 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచేవాళ్ళకి. మేం ఫొటోలకి ఆగాం, పులిహోర డబ్బా విప్పాం. నీడపట్టు మలుపులో మోకాలి లోతు మంచు! పైకి చేరేసరికి చివరి రోప్‌వే వెళ్ళిపోయింది. ఫోన్ లైట్ వెలుగులో కిందికి దిగాం. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

కాబట్టి ముందు రంగులు నేర్చుకో. ఉత్త పసుపు గుర్తయితే మామూలు బాట. తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలుంటే కొండబాట, చీలమండను పట్టి ఉంచే బూట్లు కావాలి. తెలుపు-నీలం-తెలుపు కనబడితే అది ఆరితేరినవాళ్ళ బాట, వెనక్కి తిరుగు. దేశమంతా కలిపి దాదాపు 65,000 కిలోమీటర్ల బాటలున్నాయి, నీలంవి వదిలేసినా నీ జన్మకి సరిపోతాయి.

మొదటి ఆదివారం కొండ జోలికే పోవద్దు. ఎస్1 రైలెక్కి కైజరౌగ్స్ట్‌లో దిగు, అగస్టా రౌరికా అక్కడికి దగ్గరే. క్రీ.పూ. 44లో పునాది పడ్డ రోమన్ ఊరు అది. సుమారు పదివేలమంది పట్టే రాతి నాటకశాల మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తినొచ్చు. బయటి శిథిలాలకి టికెట్ లేదు, మ్యూజియానికే. దొనకొండ దగ్గరి చందవరం స్తూపం ఇంతవరకూ చూడని నేను ఈ రాళ్ళకి నాలుగుసార్లు వెళ్ళాను. ఆ సిగ్గు వేరే.

కాళ్ళు అలవాటయ్యాక ఆలెచ్ అడవికి వెళ్ళు. మోరెల్ ఊళ్ళో రోప్‌వే ఎక్కితే పైన రీడరాల్ప్ అనే ఊరు, అక్కడ కార్లుండవు. హాఫ్‌ఫేర్ కార్డు ముందే తీసుకో, లేకపోతే ఛార్జీలకి గుండె ఆగుతుంది. ఆ అడవిని 1933 నుంచీ కాపాడుతున్నారు. ఆర్వె అనే పైన్ చెట్లలో కొన్నిటికి ఆరువందల ఏళ్ళు దాటాయి. 1514లో రాయలు మన కోట పట్టుకునేనాటికే అవి నిలబడి ఉన్నాయన్నమాట! నట్‌క్రాకర్ అనే పక్షి వాటి గింజల్ని నేలలో దాచుకుంటుంది, అది తినకుండా వదిలేసినవి మొలకెత్తుతాయి. కొయ్య గరిటెలు చెక్కే ఊరివాళ్ళం, మంచి కర్ర కనబడితే మన చెయ్యి ఊరుకోదు. అక్కడ పుల్ల కూడా ముట్టకు, బాట దిగకు.

ఫోన్‌లో రెండు నంబర్లు వేసుకో: హెలికాప్టర్ రెస్క్యూకి 1414, ఆలెచ్ ఉన్న వాలే రాష్ట్రంలో మాత్రం 144. ఉద్యోగం చేసే నీకు కంపెనీ తరఫున ప్రమాద బీమా ఉంటుంది. ఉద్యోగం లేని భార్యకి మాత్రం హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ప్రమాదాన్ని కలిపించుకోవాలి. అయినా ఆ హెల్త్ ఇన్సూరెన్స్‌వాళ్ళు రెస్క్యూ ఖర్చులో సగమే ఇస్తారు, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల వరకే. అమ్మానాన్నల్ని పిలిపించుకుంటే, వాళ్ళు చెన్నైలో విమానం ఎక్కకముందే ట్రావెల్ పాలసీలో హెలికాప్టర్ ఖర్చు రాసుందో లేదో నువ్వే చదువు.