డాడ్జర్స్ అభిమానుల ఎగతాళి ఆగాలంటే

మీరు బేస్‌బాల్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమాని. మన ప్రత్యర్థి జట్టు లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ 2025 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) గెలిచినప్పటి నుంచి ఆఫీసులో ఆ జట్టు అభిమాని రోజూ దెప్పుతున్నాడన్నారు. అది ఆగకపోవడానికి కారణం బహుశా మీరిచ్చే జవాబే: "డబ్బుతో కొన్న టైటిల్." ఆ మాట విన్న ప్రతిసారీ అతనికి కొత్త ఊపు వస్తుంది.

1. ఆటగాళ్ల జీతాల లెక్క ఎత్తకండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ముందుగా మీరే ఆటను మెచ్చుకోండి. ఉత్త "అభినందనలు" చాలదు, మొక్కుబడిలా ఉంటుంది. ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు మిగెల్ రోహాస్ స్కోరు సమం చేసిన హోమ్ రన్ (బంతిని కంచె దాటించిన షాట్) గురించి అడగండి. ముందురోజే 96 బంతులు వేసిన డాడ్జర్స్ పిచర్ యమమోటో మళ్లీ వచ్చి 11వ ఇన్నింగ్స్‌లో ఆట ముగించిన తీరు అడగండి. నిజంగా చూసినవాడైతే కళ్లు మెరుస్తాయి, దెప్పడం మరిచి ఆట గురించే మాట్లాడతాడు. చూడనివాడు మాట మారుస్తాడు. నాకు ఇద్దరూ తగిలారు.

3. జెయింట్స్ 2010, 2012, 2014 వరల్డ్ సిరీస్ గెలుపులను వాదనలోకి లాగకండి. అవి మనకు ప్రాణం, అతని ముందు పెట్టి చులకన చేసుకోవద్దు.

4. మీ యాసను, ఇంటివాళ్లను వెక్కిరిస్తే మాత్రం అది ఆట సంగతి కాదు. ఆ రోజే మేనేజరుకు చెప్పండి.