ముందు చెంబు వెయ్యి, పెన్న యాడికీ పోదు

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశా. ఉద్యోగం మానేసి పూర్తిగా ఆయిల్ పెయింటింగ్‌లోకి దిగాలనుంది మామయ్యా, ఏ కలర్స్ కొనమంటావు అని అడిగావు. రెండు ప్రశ్నలు ఒకే లైన్లో పెట్టేశావు గానీ మొదటిదానికి తొందరపడి ఏదో ఒకటి అన్నానంటే మీ అమ్మ నన్ను ఒంగోల్లో గడప తొక్కనివ్వదు, అందుకని రెండోదాంతో మొదలుపెడతా.

కలర్స్ తక్కువ కొను. తెలుపు పెద్ద ట్యూబు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు, ఐవరీ బ్లాక్, ఈ నాలుగే. స్వీడన్లో జోర్న్ అని పేరున్న పెయింటర్ ఈ నాలుగింటితోనే మనుషుల బొమ్మలు ఎన్నో వేశాడు, ఆ ప్యాలెట్‌ని, అంటే ఆ రంగుల జట్టుని, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నలుపులో ఓకర్ కలిపి చూడు, మన తుమ్మ చెట్ల ఆకుకి ఉండే ఆ దుమ్ముపట్టిన పచ్చ వచ్చేస్తుంది, నలుపూ తెలుపూ కలిపితే పక్కనున్న రంగుల మధ్య నీలంలాగా కనిపిస్తుంది, ముసురు రోజు మైపాడు సముద్రానికి అది చాలు. నారుమడి పచ్చకి మాత్రం ఈ నాలుగూ చాలవు, అప్పుడు అల్ట్రామెరైన్ అనే నీలం, లెమన్ ఎల్లో తెచ్చుకుందువు. ట్యూబులో పచ్చని ఉన్నది ఉన్నట్టు పూసేవాళ్ల పొలాలు ప్లాస్టిక్ చాపల్లాగా ఉంటాయి, అందులో కొంచెం ఎరుపు పడితేనే మట్టిలో మొలిచిన పచ్చ అవుతుంది.

కొనేటప్పుడు ఒక సంగతి. హార్డ్‌వేర్ షాపుకి పోయి ఆయిల్ పెయింట్ అంటే గేట్లకేసే ఎనామిల్ డబ్బా చేతిలో పెడతాడు. నేను కావలిలో సైన్‌బోర్డులు రాసినన్నాళ్లూ ఆ ఎనామిలే నా అన్నం, ఫ్లెక్సీలొచ్చి ఆ అన్నం పోయాకే ఈ ట్యూబుల దగ్గరికి వచ్చా, అందుకని తేడా నాకు బాగా తెలుసు. ఎనామిల్ గంటల్లో ఆరుతుంది. మనది అవిసె నూనెలో నూరిన రంగు, నీళ్లలాగా ఆవిరైపోదు, గాలిలో ఉండే ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అంబర్ అనే మట్టి గోధుమరంగు అయితే రెండు మూడు రోజులకే ఆరుద్ది, ఐవరీ బ్లాక్ వారం దాటినా చేతికి అంటతానే ఉంటుంది. అందుకే మొదటి పూతలో నూనె తక్కువుండాలి, టర్పెంటాయిల్‌తో పల్చగా వెయ్యాలి, పైకి పోయేకొద్దీ నూనె పెంచాలి. తిరగేసి చేశావంటే పైపొర ముందు ఆరి, కిందది ఇంకా కదలతా ఉండి, నాలుగేళ్లకి బొమ్మ ఎండిన చెరువులాగా నెర్రెలిస్తుంది.

ఈ ఆరడం గురించి నేను నేర్చుకున్న పాఠం విను. ఒకాయన గృహప్రవేశానికి పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి గోపురం కావాలన్నాడు, నేను ముహూర్తానికి నాలుగు రోజుల ముందు పూర్తి చేసి, పైన ముట్టుకుంటే అంటట్లేదు గదా అని న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేశా. ఆ ఎండకి ఆటోలో పోయి, అందరి ముందర విప్పితే గోపురం పక్కన ఆకాశంలో టెండరు ప్రకటన, తేదీతో సహా, అచ్చు తిరగబడి. ఆయన ఏమీ అనలేదు, ఆడవాళ్లే నవ్వారు. డబ్బులు వెనక్కిచ్చి మళ్లీ వేసిచ్చా. వార్నిష్ అయితే ఆర్నెల్లు ఆగాక వేస్తా, ఎవరు తొందరపెట్టినా.

సరే, ఇప్పుడు ఏం వెయ్యాలో చెప్తా. నీకు మనసంతా బయట వెయ్యాలని ఉందని తెలుసు, రొయ్యల గుంటల మీద పొద్దు పొడవడం ఫోటో పంపావు గదా. బాగుంది గానీ ముందు ఆర్నెల్లు ఇంట్లో కూర్చో. స్టిల్ లైఫ్, అంటే వస్తువులు ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ, అది అంటే కూరగాయల బొమ్మలా అని మూతి తిప్పేవాళ్లు ఉంటారు, వాళ్లని పట్టించుకోబాక. ఇటలీలో బొలోన్యా ఊళ్లో మొరాందీ అనే ఆయన (1890–1964) జీవితమంతా ఎక్కువభాగం ఇంట్లో ఉన్న సీసాలూ జాడీలూ డబ్బాలే అటుతిప్పి ఇటుతిప్పి వేశాడు, విసుగు రాలేదు.

ఎందుకు ఇంట్లో అంటున్నానంటే, బయట పొద్దు ఆగదు, నూనె రంగేమో తొందరగా ఆరదు, ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాడికి చెయ్యి ముందే నేర్చుకుని ఉండకపోతే అంతా బురదే. ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఒక ఇత్తడి చెంబు, రెండు పొదలకూరు నిమ్మకాయలు పెట్టుకో, ఎండ నేరుగా పెద్దగా పడదు, పొద్దున తొమ్మిదికి ఎట్టా ఉందో పదకొండుకీ దాదాపు అట్టాగే ఉంటుంది. అప్పుడు చూడు నిదానంగా, నిమ్మకాయ నీడవైపు పసుపులో నలుపు కలిపితే వచ్చే రంగు కాదది, చెంబు రంగు దాని మీద పడతా ఉంటుంది, చెంబులో నిమ్మకాయ పసుపు మెరుస్తుంది. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగెక్కడ నీడెక్కడ అనేదే మిగులుద్ది. అది పట్టుకో ముందు. అదే కన్ను రేపు పెన్న దగ్గర పనికొచ్చేది.

చేపలు వెయ్యాలంటే మాత్రం తొందరగా వెయ్యాలి. నేను ఒకసారి కొర్రమీను పెట్టుకుని పొద్దున ఏడింటికి మొదలుపెట్టా, పొలుసు మీద మెరుపు అప్పటికింకా ఉంది, మధ్యాహ్నానికి కన్ను తెల్లబడింది, మీ అత్త వచ్చి నీ బొమ్మకోసం నా పులుసు చెడగొట్టుకోమంటావా అని పళ్లెంతో సహా తీసకపోయింది. ఆ బొమ్మలో తోక ఇప్పటికీ లేదు. పులుసు మాత్రం బాగుండింది.

ఇక బయట. మన జిల్లాలో సంవత్సరమంతా బయట వెయ్యలేవు. రోహిణి కార్తెలో నీ ధైర్యం చూపించబాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు, ఆ రోజుల్లో కాన్వాసులు గోడకి ఆనించి దొంతర పెడితే వెనకంతా బూజు పడుతుంది, విడివిడిగా గాలి తగిలేట్టు పెట్టుకో. సంక్రాంతి ముందూ వెనకా, శివరాత్రి దాకా, అదీ మన సీజను. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, అంతే. రెండు గంటలు దాటితే నీడలన్నీ జరిగిపోతాయి, నువ్వు వాటి వెంట పరిగెత్తావంటే బొమ్మలో పొద్దు మూడు వైపుల నుంచి వస్తుంది. మొదటి పది నిమిషాల్లో నీడలు గీసేసుకుని ఇక వాటి జోలికి పోబాక. ఫ్రాన్స్ పెయింటర్ మోనే గడ్డివాములు వేసేటప్పుడు (1890–91) వెలుగు మారగానే కాన్వాసు మార్చేవాడు, మనకి అన్ని కాన్వాసులు ఎవరిస్తారు, రేపు అదే టైముకి మళ్లీ రావడమే. 8x10 అంగుళాల బోర్డు చాలు, గెస్సో అని రంగు కిందేసే తెల్ల పూత ఉంటుంది, అది రెండు పూతలు వేసుకో, ఉత్త గుడ్డమీద నూనె తగిలితే గుడ్డ కుళ్లిపోద్ది.

గొడుగు నల్లదే తీసకపో, రంగు గొడుగైతే దాని రంగు బోర్డు మీద పడుద్ది. బోర్డు ఎండలో పెట్టుకుంటే అంతా వెలిగిపోయినట్టు కనపడి నీకు తెలీకుండానే ముదురు రంగులు వేసేస్తావు, ఇంటికొచ్చి చూస్తే అమావాస్య. బోర్డు నిలబెట్టే స్టాండుకి రాయి కట్టు, మైపాడు గాలికి నాది ఒకసారి బోర్లా పడి ఇసక మొత్తం రంగులో కూర్చుంది. అమెరికాలో కాన్సాస్ సిటీ మ్యూజియం వాళ్లకి 2017లో పెద్ద పెయింటర్ వాన్ గో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మలో ఒక మిడత ముక్క కనపడింది రంగులో ఇరుక్కుని, ఆయనకే తప్పలేదు. పిల్లకాయలు చుట్టూ మూగి ఏంది గీస్తుండావు అంటారు, చెప్పు, కసురుకోబాక, గేదెలు కదిలిపోయినాయని చెప్పేది వాళ్లే.

ఒకటి మాత్రం నవ్వులాటగా తీసుకోబాక. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది, కావలి షాపులో రాత్రిపూట నా గుడ్డల బుట్టలోంచి పొగొచ్చింది, పక్క టీ అంగడాయన చూడకపోతే నీకు ఈ ఉత్తరం లేదు. దండెం మీద విడివిడిగా ఆరెయ్యి, లేదా మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో వెయ్యి. కాడ్మియం రంగులు విషం, మనం చేత్తో అన్నం కలుపుకునేవాళ్లం, గోళ్ల సందుల దాకా సబ్బుతో రుద్దుకో.

ఇప్పుడు ఉద్యోగం మాట. మానబాక, ఇప్పుడే వద్దు. నాకు వచ్చే డబ్బుల్లో సగం పైన దండేసిన నాయనల బొమ్మలూ, వెంకటేశ్వరస్వామీ, అవి చిన్నతనం అనుకోను, ముఖం వేసే చెయ్యి వాటితోనే వచ్చింది. చెంబులూ నిమ్మకాయలూ కొనేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురు. బంధువులకి ఊరికే ఇవ్వబాక, స్టవ్ మీద గోడకి తగిలిస్తారు. నువ్వు నెలకి నాలుగు ఆదివారాలు వదలకుండా రెండేళ్లు వెయ్యి, అప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతా. ఈ లోపల సెలవు దొరికితే రాజమండ్రి పోయి మన తెలుగు పెయింటర్ దామెర్ల రామారావు గ్యాలరీ చూసిరా, ఆయన ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయాడు, ఫోన్లో చూస్తే రంగు పొర మందం తెలీదు, గోడ దగ్గర నిలబడి పక్కనుంచి చూడాలి.

వచ్చే ఆదివారం పొద్దున్నే బండికి నెల్లూరు వచ్చెయ్యి, నా పాత స్టాండు ఒకటి ఉంది, కాలు కొంచెం వదులు, తాడుతో కడదాం. మీ అమ్మమ్మ ఇత్తడి చెంబు మీ ఇంట్లోనే ఉండాలి, అది తీసకరా. మీ అమ్మ చింతపండు పెట్టి తోమబోతుంది, ఆపు, ఆ చిలుమే మనకి కావాల్సింది.

మామయ్య