పాత మియాటా కొనేటప్పుడు ముందు ఎక్కడ చూడాలి?

మీరు అడిగినది ఇదీ: ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటున్నారు, వారాంతాల్లో సరదాగా నడపడానికి పాత మాజ్డా మియాటా, అంటే గుడ్డ కప్పు ఉండే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, కొనాలనుకుంటున్నారు. మీ ఊళ్ళోనే యాభై వేల మైళ్ళు తిరిగిన 2001 కారు ఒకటి, దక్షిణాన జార్జియా రాష్ట్రంలో లక్షా ఇరవై వేల మైళ్ళు తిరిగిన 2000 కారు ఒకటి దాదాపు ఒకే ధరకు వస్తున్నాయి. ఏది మేలు? తిరిగి ఇండియాకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళవచ్చా?

జార్జియా కారు. మైళ్ళు రెండింతలు దాటినా సరే, ముందు దాన్నే చూడండి.

నాది 1999 కారు. నేనూ ఒహాయోలోనే ఉంటాను. నాది కొనే ముందూ, ఆ తర్వాత స్నేహితుల కోసమూ చాలా మియాటాల కిందికి దూరి చూశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఈ కారు ఇంజను మొండిది. ఇనుప బ్లాకు, 1.8 లీటర్లు, నాలుగు సిలిండర్లు. వేళకు ఆయిల్ మార్చి, అరవై వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు, దానితోపాటే వాటర్ పంపు వేయిస్తే పెద్దగా పేచీ పెట్టదు. ఒకవేళ పోయినా ఇంకో ఇంజను తెచ్చి బిగించవచ్చు. బాడీ సంగతి అలా కాదు. విడిగా ఛాసిస్ లేని కారు ఇది, పైగా పైకప్పు కూడా గుడ్డదే. మామూలు కారులో పైకప్పు పంచుకునే భారాన్ని కూడా ఇందులో తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్ళు, అడుగు భాగం కలిసి మోయాలి. సరిగ్గా ఆ రాకర్ ప్యానెళ్ళే ముందు తుప్పు పడతాయి.

దానికి చలికాలం మంచు కరగడానికి మన ఒహాయో రోడ్ల మీద చల్లే ఉప్పు ఒక కారణం మాత్రమే. గుడ్డ కప్పు మీద పడిన వాన సీట్ల వెనక, సీటు బెల్టుల దగ్గర ఉన్న రంధ్రాల గుండా దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు కారు కింద బయటికి రావాలి. ఆకులు, మట్టి చేరి ఆ దారి మూసుకుపోతే నీళ్ళు రాకర్ ప్యానెల్‌లోనే నిలిచిపోతాయి. లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. జార్జియాలో మంచు ఉప్పు బాధ తక్కువే గానీ, ఆకులు రాల్చి ఆ రంధ్రాలు మూసేసే పైన్ చెట్లకు కొదవ లేదు. అందుకే ఆ కారును కూడా కళ్ళు మూసుకుని కొనమని అనడం లేదు.

వెళ్ళేటప్పుడు ఒక నీళ్ళ సీసా, ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. కప్పు దించి, ఆ రంధ్రాల్లో కొద్దికొద్దిగా నీళ్ళు పోయండి. కింద ధార కట్టాలి. ఎంతసేపటికీ రాకపోతే అనుమానించాల్సిందే. సీట్ల వెనక కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. తర్వాత అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి, తలుపు వెనక అంచు నుంచి వెనక చక్రం దాకా రాకర్ ప్యానెల్ మీద జరుపుతూ పొండి. ఎక్కడైనా పట్టు వదిలేస్తే అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టే. బానెట్ మీద మాత్రం అయస్కాంతం అసలు అంటదు. కంగారు పడకండి, అది అల్యూమినియం. తెలియక ఇదే పట్టుకుని బేరం చెడగొట్టుకున్న పెద్దమనిషి ఒకరు నాకు తెలుసు.

మీరు చూస్తున్న రెండో తరం కార్లకు, అంటే 1999 నుంచి 2005 మోడళ్ళ దాకా, ఇంకో జబ్బు ఉంది. ముందు భాగంలో అడుగున రెండు పొడవాటి ఫ్రేమ్ రెయిళ్ళు ఉంటాయి. వాటి ముందు వైపు రేకు పొరలు పొరలుగా ఉంటుంది. ఉప్పునీరు ఆ పొరల మధ్య చేరిందంటే పైకి కనబడేసరికే ఆలస్యమైపోతుంది. నేను కారు వెతుకుతున్న రోజుల్లో మా ఊరి డీలర్ ఒకాయన తక్కువ మైళ్ళ ఎర్ర కారు చూపించాడు. తుడిచి పెట్టిన అద్దంలా ఉంది. కిందికి దూరి రెయిల్ మీద బొటనవేలితో నొక్కితే పెచ్చు ఊడి వచ్చింది, వెనకే కన్నం. "పైపై తుప్పేనండీ, అన్నిటికీ ఉంటుంది" అన్నాడాయన, నా చేతిలో ఆ పెచ్చు ఉండగానే. చివరికి నార్త్ కరోలినాలో ఒక ముసలాయన దగ్గర మైళ్ళు బాగా ఎక్కువ తిరిగిన కారు కొన్నాను. బానెట్ మీద రాళ్ళ దెబ్బలు, సీటు చిరుగు. కింద మాత్రం ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంది. ఇప్పటికీ ఉంది, ఎందుకంటే చలికాలం దాన్ని గ్యారేజీ దాటనివ్వను.

మిగతావి చిన్న విషయాలు. క్లచ్ స్లేవ్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను కదిలించే చిన్న భాగం) కారడం వీటిలో మామూలే, భాగం చవక. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొరాయిస్తే పట్టించుకోకండి. ఇంజను వేడెక్కాక కూడా గరగరమంటే గేర్‌బాక్స్ అరిగినట్టు. తక్కువ తిరిగిన కార్ల టైర్లు అరగకపోయినా ముసలివై ఉంటాయి. పక్కన అచ్చు వేసిన చివరి నాలుగంకెలు చూడండి: 2318 అంటే 2018లో ఇరవై మూడో వారం. టర్బో బిగించినవి, నేలకు తాకేలా కిందికి దించినవి ఎంత చవకైనా వద్దు. ముందరి యజమాని సరదా ఖర్చు మీరు కట్టాల్సి వస్తుంది. ముందు చక్రాల పైనున్న ఫెండర్ల మీద, తలుపుల మీద చిన్న వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) స్టిక్కర్లు ఉన్నాయో లేదో చూస్తే, ఏ భాగం మార్చారో తెలుస్తుంది.

మీ ఎత్తు చెప్పలేదు. ఆరడుగులు దాటితే కొనేముందు కప్పు వేసి కూర్చుని చూడండి, తల తగులుతుంది. రెండే సీట్లు, డిక్కీలో రెండు సంచులకు మించి పట్టవు కాబట్టి ఇంట్లో ఇంకో కారు ఉండి తీరాలి. ఇండియాలో మాన్యువల్ నేర్చుకున్న చెయ్యి మీకు కలిసొస్తుంది, కాకపోతే గేరు ఇక్కడ కుడి చేతికి వస్తుంది కాబట్టి మొదట్లో ఎడమ చెయ్యి తలుపును వెతుకుతుంది.

ఇండియాకు తీసుకెళ్ళడం కుదరదు. అక్కడికి దిగుమతయ్యే వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ రెండు కార్లూ ఏ లెక్కనా చెల్లవు. వెళ్ళేటప్పుడు ఇక్కడే అమ్మేయండి. కింద శుభ్రంగా ఉన్న మియాటాకు కొనేవాళ్ళు దొరక్కపోరు.

టికెట్ కొనే ముందు జార్జియా ఆయన్ను నాలుగు ఫోటోలు అడగండి: రెండు రాకర్ ప్యానెళ్ళు, ముందు రెయిళ్ళు రెండూ, కింది నుంచి, టార్చి వెలుగులో. పంపడానికి నసిగితే వెళ్ళకండి. పంపితే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.