గడియారం వెనక్కి తిప్పే ఆదివారం

అమ్ములూ,

వచ్చే ఆదివారం నువ్వొక్కదానివే ఆ జర్మనీలో, బోయ్‌రోన్ ఊళ్ళో రైలు దిగి, కొండెక్కి విల్డెన్‌స్టైన్ కోట చూసొస్తావట. మీ నాయన ఫోన్‌లో చెప్పగానే సంబరపడ్డాను. నంద్యాల బస్టాండులో నా కొంగు వదలని పిల్లవి! ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది.

చీలమండ దాకా పట్టే బూట్లు వేసుకో. నీళ్ళు, రొట్టె, వాన కోటు సంగతి నీకు చెప్పక్కర్లేదు. గుహల్లోకి దూరకు. అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా గబ్బిలాలు అక్కడ తలదాచుకుంటాయి, ఆ నెలల్లో అవి ఉండే గుహల్లోకి వెళ్ళడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

ఆ కొండలదీ మన బెలుం గుహల్లాంటి సున్నపురాయే. పాతాళగంగ నీళ్ళు బండ కింద మాయమవుతుంటే నన్ను పట్టుకుని ఏడ్చావు, గుర్తుందా? అక్కడ డాన్యూబ్ నదే ఇమ్మెండింగెన్ దగ్గర నేలలోకి ఇంకిపోతుంది. వేసవిలో ఒక్కోసారి గులకరాళ్ళే మిగులుతాయి. ఇంకిన నీళ్ళు 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో పైకొచ్చి, చివరికి రైన్ నదికి చేరతాయి. అది చూసి మీ మామయ్య గంటసేపు అక్కణ్నుంచి కదల్లేదు.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్ళేది అక్టోబరు ఆఖరి ఆదివారం. మేం స్టుట్‌గార్ట్‌లో ఉన్నప్పుడు, 2001లో, మేమూ ఆ రోజే వెళ్ళాం. అక్కడ వేసవి కోసం ముందుకు జరిపిన గడియారాలను ఆ తెల్లవారుజామున గంట వెనక్కి తిప్పుతారు కదా, చేతి గడియారాలు సరిచేసుకున్నాం. నిన్న ఆరు దాకా ఉన్న వెలుగు ఇవాళ ఐదింటికే పోతుందని మాత్రం ఇద్దరికీ తట్టలేదు. నాలుగున్నరకు ఇంకా కోట దగ్గరే కూర్చుని, కింద నది వంపు చూస్తూ పులిహోర తింటున్నాం.

అడవిలోకి దిగిన కాసేపటికే చీకటి పడింది. రాలిన బీచ్ చెట్ల ఆకులు బాటను కప్పేశాయి. చెట్ల మీది దారి గుర్తులు కనబడలేదు. కింద దీపాలు కనిపిస్తుంటే, అడ్డంగా దిగిపోదాం అన్నాను. అన్నది నేనే, అమ్ములూ. తడి ఆకుల కింద తడి బండ. మీ మామయ్య సర్రున జారాడు, ఒక చిన్న చెట్టు మొదలు చేతికి చిక్కి ఆగాడు. ఆయన కాలు తగిలి ఒక రాయి దొర్లింది. అది ఎక్కడో లోతున పడిన చప్పుడు నాకు ఎంతసేపటికో వినబడింది. కొండ అంచున ఉన్నామని అప్పుడు తెలిసింది.

ఆయన చొక్కా పట్టుకుని అలాగే కూర్చున్నాను. లోయలో మఠం గంటలు మోగాయి. చివరికి కుక్కను తీసుకుని పైబాటన వెళ్తున్న ఒక ముసలాయన మా కేకలు విని టార్చి వేశాడు. ఆయన మమ్మల్ని ముందు పైకే ఎక్కించాడు, బాట దొరికాకే దించాడు. ఈ రోజుకీ ఎండుటాకుల మీద అడుగు పడితే నా కాళ్ళు వణుకుతాయి.

కాబట్టి రెండింటికల్లా దిగడం మొదలుపెట్టు. కోట లోపల చూడటం మిగిలిపోయినా సరే. దారి తప్పితే వచ్చిన దారినే వెనక్కెళ్ళు, అడ్డదారి వద్దు. లోయలో సిగ్నల్ అందకపోవచ్చు, తలకు కట్టుకునే దీపం ఒకటి కొనుక్కో, డబ్బు నేను పంపుతాను. సెల్ఫీ కోసం అంచుకు వెళ్ళావంటే మీ నాయన కన్నా ముందు నేనే తిడతాను. తిట్టినా నీ ఫోటోలన్నీ నాకే ముందు పంపాలి, బంగారు తల్లీ.

రైలెక్కగానే మెసేజ్ పెట్టు. ఆ రోజు నుంచి అక్కడ ఆరైతే ఇక్కడ పదిన్నర. మెలకువగానే ఉంటాను.

మీ అత్త