తమిళంలో అడిగితే తెలుగులో జవాబిస్తున్నారు

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. తమిళం నేర్చుకుంటున్నాను. అక్షరాలు వచ్చు, పుస్తకంలో వాక్యాలు అర్థమవుతాయి. కానీ బజార్లో తమిళం వాళ్ల అంగడికి పోయి నోరు తెరిస్తే చాలు, వాళ్లు తెలుగులోకి మారిపోతారు. మాట్లాడడం అలవాటయ్యేదెట్లా?
– విద్యార్థి, కొర్లగుంట

జవాబు: అంగడివాళ్లను తప్పుపట్టలేం. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉండగా మీరు తడుముకుంటుంటే, బేరం తెలుగులోనే తేల్చేస్తారు. తెలుగు రాని తమిళులు మీ ఊళ్లో అంగళ్లలో కాదు, రోడ్డు మీద దొరుకుతారు. యాత్రికులు! అందుకని కొనే మనిషిగా కాకుండా దారి చెప్పే మనిషిగా మొదలుపెట్టండి. దారి మీకు తెలుసు, వాళ్లకు కావాలి. తెలుగులోకి మారిపోయే వీలు వాళ్లకు లేదు.

రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు ఎదుట శ్రీనివాసం (రెండూ యాత్రికుల వసతి గృహాలే), ఇటు గోవిందరాజస్వామి గుడి. వీటి మధ్య సాయంత్రం గంటసేపు తిరగండి. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా, శనివారాలైతే వాళ్ల రద్దీ చెప్పే పనే లేదు. ఎవరి మీదా పడిపోవద్దు. సంచులు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్న కుటుంబం కనిపిస్తే, "ఎంగ పోణుం?" (ఎక్కడికి పోవాలి?) అంటే చాలు.

ఇంటి దగ్గర చేసుకోవాల్సిన తయారీ ఒకటుంది. చాలామంది తాము అడగాల్సింది బట్టీ పట్టి, వచ్చే మాట దగ్గర బిక్కమొహం వేస్తారు. ముందు అవతలివాళ్లు అడిగేవి చెవికి పట్టాలి: "ఎవ్వళవు దూరం?" (ఎంత దూరం?), "ఆటోక్కు ఎవ్వళవు?" (ఆటోకు ఎంత?), "ఎత్తన మణిక్కు?" (ఎన్ని గంటలకు?) ఆ తర్వాతే మీ జవాబులు: "నేరా పోంగ" (నేరుగా పోండి), "ఎదుర్‌లయే ఇరుక్కు" (ఎదురుగానే ఉంది), "పక్కందాన్, నడందే పోలాం" (దగ్గరే, నడిచే పోవచ్చు).

తెలుగువాళ్లు పడే గుంటలు మూడు. మొదటిది అంకెలు. తమిళంలో 80 ఎణ్బదు, 800 ఎణ్ణూరు. ఇంతవరకు బాగానే ఉంది. 90 మాత్రం తొణ్ణూరు, 900 తొళ్ళాయిరం. ఒకదాంట్లో నూరు, ఇంకోదాంట్లో ఆయిరం వినబడేసరికి మనవాళ్లు తొంభైని వందల్లోకి, తొమ్మిది వందల్ని వేలల్లోకి తోసేస్తారు. స్నేహితుడి చేత ఈ నాలుగూ కలగాపులగంగా చెప్పించుకుని, తడబాటు పోయేదాకా కాగితం మీద అంకె వేయండి.

రెండోది పరువు పోయే గుంట. తెలుగులో అమ్మాయి వచ్చినా ఆవు వచ్చినా "వచ్చింది" అనే అంటాం. ఆ అలవాటుతో పెద్దావిడ గురించి "వందుచ్చు" అంటే వినేవాళ్ల మొహం మారుతుంది, అది మామూలుగా వస్తువులకు, జంతువులకు వాడేది. మీ ఈడు అమ్మాయైతే "అవ వందా", పెద్దావిడైతే "అవంగ వందాంగ".

మూడోది చిన్నదే: మాట చివర ఉకారం తగిలించడం. పాల్, మోర్, తయిర్ అని హల్లు దగ్గర ఆపేయాలి. మాటల్లో తమిళులూ చివర ఉకారం లీలగా పలుకుతుంటారు, కానీ మనలా నిండుగా "పాలు" అన్నారంటే మీరు తెలుగువారని పట్టేయొచ్చు, వెంటనే తెలుగు మొదలు. అంగడిలోనూ ప్రయత్నిస్తానంటే ముందే "తమిళ్‌లయే పేసుంగ, కత్తుక్కిట్టిరుక్కేన్" (తమిళంలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను) అనండి. రద్దీ లేని వేళైతే మాట వింటారు.

ప్రశ్న: మేం నలుగురం. నాకు కొద్దిగా తమిళం వచ్చు. మిగతావాళ్లలో ఒకరిది కేరళ, ఒకరిది ఒడిశా, ఒకరిది కర్ణాటక. ఒకరోజు వేలూరు పోదామంటున్నారు. ఎక్కడికి పోయినా చివరికి మాలో మేం ఇంగ్లీషు, హిందీలోనే మాట్లాడుకుంటాం.
– విద్యార్థిని, చిత్తూరు

జవాబు: నలుగురూ గుంపుగా తిరిగినంతసేపూ అంతే జరుగుతుంది. ఇద్దరిద్దరుగా విడిపోండి. మలయాళం అమ్మాయికి తమిళం చాలావరకు చెవిన పడగానే అందుతుంది, ఒడిశా అమ్మాయికి ఒక్క ముక్కా అందదు. కాబట్టి వాళ్లిద్దరూ ఒక జత. మీరూ కన్నడం అమ్మాయీ ఇంకో జత. ఎవరి పని వాళ్లకు పంచండి: ఒకరు బస్సు అడగాలి, ఒకరు భోజనం చెప్పాలి, ఒకరు మార్కెట్లో పూలో పండ్లో కొనాలి, ఒకరు దారి కనుక్కోవాలి. రెండుసార్లు తప్పేదాకా మీరు కల్పించుకోవద్దు. అసలు కష్టం మీకే!

చిత్తూరు నుంచి వేలూరు దాదాపు 35 కిలోమీటర్లు. బస్సైతే నేరుగా పోతుంది. రైలైతే ఎక్కువగా కాట్పాడిలో దిగి మళ్లీ టౌను బస్సు పట్టుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగగానే అడిగేయండి, మొదటి పాఠమూ అదే. పెద్దాసుపత్రి వీధులు మాత్రం వదిలేయండి. దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చే చోటు, అక్కడి అంగళ్లలో తెలుగు, హిందీ, బెంగాలీ అన్నీ నడుస్తాయి. కోటకు పోండి. చుట్టూ నీటి కందకం, లోపల జలకంఠేశ్వరుడి గుడి, మ్యూజియం ఉన్నాయి. పొద్దుటి పూటకు సరిపోతుంది.

మధ్యాహ్నం ఆకు భోజనానికి కూర్చుంటే "పోదుం" (చాలు) అనే మాట ముందే నేర్చుకోండి. ఊరికే చేయి అడ్డం పెడితే మొహమాటం అనుకుని ఇంకో గరిటె అన్నం వేస్తారు.

ప్రశ్న: తమిళ అక్షరాలు 247 అంటున్నారు. అన్నీ నేర్చుకున్నాకే మాట్లాడాలా?
– పాఠకురాలు, పుత్తూరు

జవాబు: అక్కర్లేదు. అచ్చులు 12, హల్లులు 18, ఒక ఆయుదం (మూడు చుక్కల అక్షరం). మిగతా 216 గుణింతాలే. తిప్పలు రాతలో కాదు, చదవడంలో. క, గ రెండింటికీ ఒకే అక్షరం. మాట మొదట్లోనూ ఒత్తు వచ్చినచోటా క (పక్కం), అనునాసికం తర్వాత గ (తంగం), రెండచ్చుల నడుమ మెత్తని గ లేదా హ (మగన్). సంస్కృతం పేర్లకు ఈ లెక్క పనిచేయదు. కణేశన్ అని రాసి గణేశన్ అని చదువుతారు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. మీ ఊరి నుంచి అరక్కోణం రైలెక్కితే ఏకాంబరకుప్పం దాటి తమిళనాడులోకి పోయాక స్టేషన్ బోర్డుల మీద తమిళం ఉంటుంది. పక్కనే ఇంగ్లీషు పేరు ఉంటుంది కనుక దాన్ని చేత్తో మూసినట్టు వదిలేసి, ముందు తమిళం చదివి, ఆనక సరిచూసుకోండి. తిరుత్తణిలో దిగి మాట్లాడదామనుకుంటే మాత్రం అంత లాభం లేదు. 1960 దాకా మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉన్న ఊరు, తెలుగు వచ్చినవాళ్లు ఇప్పటికీ ఎక్కువ.